ఊది చూసే అలవాటు

రైలు వంతెన కింద, పైకి వెళ్ళే మెట్ల అడుగున, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టొకటి ఉండేది. ఊదే వాయిద్యాలు బాగుచేసే ఆయన అందులో కూర్చునేవాడు. ఆయన్ని పేరుపెట్టి పిలవడం జనం ఎప్పుడో మానేశారు. గాలిమేస్త్రి అనేవాళ్ళు. అందరు మేస్త్రీలూ ఇటుకలతో కడితే ఈయన గాలితో కడతాడని ఎవరో సరదాకి అన్న మాట, లక్క పోసినట్టు అతుక్కుపోయింది. ఆయనకీ ఆ పేరు బాగానే ఉండేది. "గాలి పోతోంది మేస్త్రీ" అంటూ ఎవరైనా క్లారినెట్టు పట్టుకొస్తే, ముందు మనిషిని ఎగాదిగా చూసి, "నీదా, దీనిదా?" అని అడిగి, ఆ తరవాతే చెయ్యి చాపేవాడు.

పైన రైలు వెళ్ళినప్పుడల్లా కొక్కేలకి వేలాడే సాక్సోఫోన్లు ఒకదాన్నొకటి తట్టుకుని గలగలమనేవి. బల్లమీద ఒక స్పిరిట్ దీపం, కార్కు ముక్కలు, మీటల అడుగున అతికించే మెత్తలు, పళ్ళ డాక్టరు వాడే సాధనాల్లాంటి సన్నటి కొక్కేలు. ఒక్క నీటి చుక్క మాత్రం ఆ గదిలో కనపడదు. ఆయనకి పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడట, చెక్కకి నిప్పుకంటే నీళ్ళే పెద్ద శత్రువని. నిప్పు ఒకేసారి తింటుంది, నీళ్ళు లోపల్లోపల పగలదీస్తాయని. అప్పటినుంచీ తాగే నీళ్ళ సీసా కూడా గడప బయటే. ఏది తుడవాలన్నా స్పిరిట్టూ, నూలుగుడ్డా, అంతే.

పని పూర్తయ్యాక వాయిద్యం కడుపులోకి సన్నటి తీగకు కట్టిన బల్బు దింపి, పైన నల్లగుడ్డ కప్పి చూసేవాడు. ఎక్కడ వెలుతురు కారుతుందో అక్కడ మెత్త సరిగ్గా కూర్చోలేదని లెక్క. అంతటితో వదిలేస్తే మామూలు పనివాడు. ఈయన మాత్రం ఆఖరికి దాన్ని నోట్లో పెట్టుకుని ఊదాల్సిందే. "వంట చేసినవాడు ఉప్పు చూడకుండా వడ్డిస్తాడా?" అనేవాడు. మంద్రంలోంచి పైదాకా ఒక పాట, మళ్ళీ కిందికి ఒక పాట. అది సాఫీగా సాగితేనే గుడ్డతో తుడిచి చేతికిచ్చేవాడు.

ఇక రెండో అలవాటు పల్లీలు. పెళ్ళికి ముందు సిగరెట్లు బాగా కాల్చేవాడు. కూతురు పుట్టాక, ఆ పొగ కంపుతో పసిదాన్ని ఎత్తుకోవద్దని భార్య కచ్చితంగా చెప్పింది. ఆ రోజునుంచి మానేశాడు గాని నోరు ఊరుకోలేదు. ఏదో ఒకటి ఆడుతూ ఉండాలి. అలా వేయించిన పల్లీలు జేబులోకి వచ్చాయి. కుడి జేబులో చెయ్యి పెట్టడం, నాలుగు గింజలు వేళ్ళతో నలిపి పొట్టు ఊదేయడం, నోట్లో వేసుకోవడం. చేతులు పని చేస్తున్నా ఈ వరస ఆగేది కాదు. వాయిద్యాలు తుడిచే నూలుగుడ్డ కూడా ఆ కుడి జేబులోనే.

"మేకకైనా మేత వేళ ఉంటుందండీ, మీకు లేదు" అనేది భార్య.

"మేక పాలిస్తుందోయ్, నేను సంపాదన ఇస్తున్నాను" అనేవాడు ఆయన.

కూతురుకి పెళ్ళయింది. అదే ఇంట్లో పై వాటాలో అల్లుడితో కాపురం పెట్టింది. వాళ్ళకో పాప. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, నోరు మాత్రం పెద్దది. పిట్ట అని పేరు పడిపోయింది. ఆ పిట్టకి రెండేళ్ళప్పుడు, పక్కింటావిడ చేతిలోని పల్లీ బిస్కెట్టు ముక్క కొరికింది. అంతకు ముందోసారి తాతయ్య ఒళ్ళో కూర్చుని నలిపిన గింజ ఒకటి తిన్నది, అప్పుడేమీ కాలేదు. ఈసారి మాత్రం చూస్తుండగానే పెదాలు ఉబ్బాయి, ఒంటినిండా దద్దుర్లు లేచాయి, ఊపిరి ఈలలా వచ్చింది. ఆసుపత్రికి పరిగెత్తారు. సూది మందు పడ్డాక గాని పిల్ల మొహంలోకి రంగు రాలేదు.

ఆ తరవాత ఆ ఇంట్లో పల్లీ గింజ అడుగుపెట్టలేదు. కూతురు ప్రతి పొట్లం వెనకా ఉన్న సన్నటి అక్షరాలు చదివిగాని లోపలికి రానిచ్చేది కాదు. మేస్త్రికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. సాయంత్రం కొట్టు మూసి రాగానే పెరటి దారినే వచ్చి, చొక్కా విప్పి బకెట్లో పడేసి, మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, నోరు పుక్కిలించి, స్నానం చేసి, అప్పుడే మనవరాలి దగ్గరికి వెళ్ళేవాడు. పల్లీలన్నీ కొట్టులోనే. పిట్టకి కొట్టులోకి రావడం నిషేధం. "తాతయ్య ఆఫీసుకి నేనెందుకు రాకూడదు?" అని అది ఏడిస్తే, "అక్కడ భూతముందమ్మా, నేను దాన్ని నమిలి మింగుతూ ఉంటాను, ఎన్ని మింగినా మళ్ళీ పుడుతుంది" అనేవాడు.

పిట్ట పెద్దబడికి వెళ్ళాక, అక్కడి బ్యాండు మాస్టారు దానికో పాత క్లారినెట్టు ఇచ్చాడు. బడి సామానుగదిలో ఏళ్ళతరబడి పడి ఉన్నది. దాన్ని చూసి మేస్త్రి కళ్ళు చెమర్చాయి. కూతురు ఏనాడూ ఊదింది లేదు. అల్లుడికి ఈల వేయడం కూడా రాదు. తన గాలి తనతోనే పోతుందనుకుంటున్నవాడికి ఇప్పుడు ఈ పిట్ట దొరికింది. మెత్తలన్నీ మార్చాడు, కార్కులు కొత్తవి వేశాడు, చెక్కకి నూనె పట్టించాడు. పాత చెక్క కదా, వారం తిరిగేసరికి ఎక్కడో ఒకచోట వదులయ్యేది. అందుకని ప్రతి శనివారం దాన్ని కొట్టుకి పట్టుకెళ్ళి, సరిచేసి, ఊది చూసి, తుడిచి, పెట్టెలో పెట్టి రాత్రికి తెచ్చేవాడు. ఇతరుల వాయిద్యాన్ని ఒకసారి తుడిస్తే, మనవరాలిదాన్ని నోట్లో పెట్టుకునే కొస దగ్గర మూడుసార్లు తుడిచేవాడు. ఆదివారం పొద్దున్నే పిట్ట మేడమీద కిటికీ దగ్గర నిలబడి ఊదేది. కింద వాటాలో మేస్త్రి టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగడం మరిచిపోయి వినేవాడు.

మొదటి ఆదివారమే పెదవి చిమచిమలాడుతోందని చెప్పింది. కొత్తలో నోటికి తగిలే ఆ రెల్లు ముక్క, రీడు, ఒరుసుకుంటుంది, అలవాటవుతుందిలే అన్నాడు తాతయ్య. మరో ఆదివారం పెదాలు బొద్దుగా లేచాయి, మూతి చుట్టూ ఎర్రటి దద్దుర్లు. ఆ రోజు పొద్దున తిన్నవన్నీ కూతురు ఒక్కొక్కటే తలుచుకుని చూసింది. ఏదీ కొత్తది కాదు. ఆ పైవారం దద్దుర్లతో పాటు దగ్గు వచ్చింది, గొంతు బిగిసింది. ఇలాంటప్పటికని ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచే మందు సూది పెన్ను కూతురే పిల్ల తొడకి పొడిచింది. మధ్యాహ్నందాకా ఆసుపత్రిలో ఉంచి పంపారు.

ఇంటికొచ్చాక కూతురు క్లారినెట్టు పెట్టెకి తాళం వేసి బీరువా పైన పెట్టేసింది.

"ఇంక ఇది వద్దు నాన్నా. బడికి తిరిగిచ్చేద్దాం."

"బడిలో ఊదితే ఏమీ కాదమ్మా! ఇంట్లో ఊదితేనే అవుతోంది" అని పిట్ట కాళ్ళు నేలకేసి కొట్టింది.

"అయితే మన ఇంటి గాలే పడట్లేదు నీకు" అన్నాడు అల్లుడు. నవ్విద్దామనే అన్నాడు గాని ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ పిల్ల మాటని ఎవరూ పట్టించుకోలేదు. పంతం మీద ఉన్న పిల్ల ఏదైనా అంటుంది కదా అనుకున్నారు. పల్లీల బాధ ఒక్కటే అయితే ఆ ఇల్లు దానికి అలవాటు పడిపోయింది. ఇప్పుడు కొత్తగా చెక్కా, కార్కూ, రీడూ పడకపోతే? రేపు ఇంకోటి? కూతురు భయమంతా అదే. పిల్ల చుట్టూ ఉన్న ప్రపంచంలో ఏది ఎప్పుడు కాటేస్తుందో తెలియకుండా ఎలా పెంచడం?

మేస్త్రి బెంగ వేరు. ఆ వారమంతా కొట్టులో కూర్చున్నాడేగాని పని ముందుకు సాగలేదు. తన చేత్తో బాగుచేసిన వాయిద్యం పిల్లని కరుస్తోందంటే ఎక్కడో తన పనిలోనే లోపముండాలి. కార్కుకి రాసిన కొవ్వా? కొత్త జిగురా? అన్నీ వాసన చూశాడు. దిగులు ఎక్కువైనకొద్దీ జేబులోకి చెయ్యి కూడా ఎక్కువసార్లు వెళ్ళింది.

అలర్జీలు చూసే డాక్టరమ్మ ఊరి రెండో కొసన పెద్దాసుపత్రిలో ఉంటుంది. రీడు తురుమూ, కార్కు పొడీ, మేస్త్రి వాడే కొవ్వూ, జిగురూ అన్నీ తెప్పించి, ఒక్కొక్కటీ నీళ్ళలో కలిపి, పిట్ట ముంజేతి మీద చుక్కలు పెట్టి, సూదిమొనతో చిన్నగా గీరి చూసింది. ఏ చుక్క దగ్గరా చర్మం ఉలకలేదు. పోల్చి చూడటానికి పెట్టిన పల్లీ చుక్క దగ్గర మాత్రం దోమ కుట్టినట్టు దద్దు లేచింది.

"వాయిద్యం తప్పేమీ కనిపించడం లేదు" అంది డాక్టరమ్మ. "ఈసారి వచ్చేటప్పుడు క్లారినెట్టు పట్టుకురండి. దాన్ని బాగుచేసేవాళ్ళెవరో వాళ్ళూ రావాలి, తమ సామానుతో సహా."

అలా మేస్త్రి జీవితంలో మొదటిసారి తన సంచీ భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, జేబులు రెండూ బయటికి లాగి దులిపాడు. భార్యా కూతురూ పిట్టా ఒక బెంచీ మీద, ఆయన డాక్టరమ్మ బల్ల ఎదురుగా.

"పెద్దాయనా, శనివారం మీరు కొట్టులో ఏం చేస్తారో ఇక్కడ అచ్చం అలాగే చేసి చూపించండి. దాచేదేం లేదుగా?"

"దాచడానికేముందమ్మా, గాలి పని" అని పెట్టె తెరిచాడు. మీటలు నొక్కి చూశాడు. బల్బు దింపాడు. నల్లగుడ్డ కప్పాడు. చేతిలోకి పని రాగానే బెదురు పోయింది, గొంతు కూడా తేటపడింది. "ఇదిగో, ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఇప్పుడు ఊదాలి."

"మీరే ఊదుతారా?"

"మరెవరు ఊదుతారు? నా నోటితో చూడనిదాన్ని నా మనవరాలి నోట్లో పెట్టనిస్తానా!"

ఆ మాట గర్వంగా అన్నాడు. అంటూనే తుడవడం చూపించడానికి సంచీలోంచి నూలుగుడ్డ తీసి విదిలించాడు. గుడ్డ మడతల్లోంచి గాజుబల్ల మీద ఎర్రటి పొరలు రెండు రాలాయి. సీతాకోకచిలుక రెక్క ముక్కల్లా ఉన్నాయి, అంత తేలిక.

డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది. "ఆగండి. గుడ్డ అక్కడే పెట్టేయండి. పాపా, నువ్వు ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చో." తరవాత వంగి చూసి, మెల్లగా అడిగింది. "ఏంటివి?"

మేస్త్రి కూడా వంగాడు. భార్యే చెప్పింది: "పల్లీ పొట్టండి. ఈయన మేత."

మేస్త్రి ఆ పొట్టుకేసి చూస్తూ ఉండిపోయాడు. చేతులు కడిగాడు, చొక్కా మార్చాడు, తలుపు గడియలు తుడిచాడు. ఊపిరి సంగతి ఆయనకి తట్టనేలేదు. ఊపిరి తిండి కాదు కదా. పల్లీలు నములుతూ ఊదిన నోరు, పల్లీల జేబులోంచి తీసిన గుడ్డ, ఆ గుడ్డతోనే మూడుసార్లు.

"స్పిరిట్టుతో తుడిచానమ్మా" అన్నాడు, గొంతులోంచి కాక ఎక్కడో పక్కగదిలోంచి వచ్చినట్టు. "స్పిరిట్టుకి చావనిది ఉంటుందా?"

"స్పిరిట్టు క్రిముల్ని చంపుతుంది. ఇది క్రిమి కాదు, ప్రొటీను. మీరు తిన్న పల్లీ ఉమ్ములో కొంతసేపు ఉంటుంది. స్పిరిట్టుతో తుడిస్తే అది పోదు, అటూ ఇటూ పూసుకుంటుంది. కడగాలి, సబ్బూ నీళ్ళూ పెట్టి."

అప్పుడు కిటికీ దగ్గర్నుంచి పిట్ట సన్నగా అంది: "బడిలో మాస్టారు రోజూ ఊదే ముందు సబ్బునీళ్ళతో కడిగిస్తారు తాతయ్యా. మౌత్‌పీసు ఊడదీసి, కుళాయి కింద పెట్టి. నీకు చెబితే తిడతావని చెప్పలేదు."

"నీళ్ళతోనా!" మేస్త్రి కుర్చీలోంచి సగం లేచాడు. ఇంత గొడవలోనూ ఆ మాటకి ఆయన గుండె గతుక్కుమంది.

"ఆ నీళ్ళే పాపని కాపాడాయి పెద్దాయనా" అంది డాక్టరమ్మ, నవ్వు ఆపుకుంటూ. "బడిలో ఏమీ కాకపోవడానికి అదే కారణం. ఆ నల్ల కొస ఒక్కటీ ఊడదీసి కడిగితే మీ చెక్కకేమీ తడి తగలదుగా?"

మేస్త్రి కూర్చున్నాడు. "కంచే చేను మేసిందమ్మా" అన్నాడు. "కాపలా కాస్తున్నాననుకుంటూ నేనే..."

"అసలు ఈ జబ్బే అలాంటిది" అంది ఆవిడ. "ఒంట్లో కాపలా వ్యవస్థ ఒకటుంటుంది. రోగాలొస్తే పోట్లాడుతుంది, తిండిని మాత్రం పోనిస్తుంది. కొందరిలో అది పొరపాటున ఏ పల్లీనో శత్రువనుకుంటుంది. మొదటిసారి తగిలినప్పుడు పైకేమీ తెలియదు. లోపల మాత్రం సరిగ్గా దానికోసమే యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. అవి చర్మంలో, పెదాల్లో, గొంతులో, పేగుల్లో ఉండే కొన్ని కణాలని పట్టుకుని కాచుకు కూర్చుంటాయి."

"ఏ రంధ్రానికి తగ్గ మెత్త దానికి కోసి పెట్టుకున్నట్టు" అన్నాడు మేస్త్రి తనలో తాను.

"అలాగే అనుకోండి. మళ్ళీ పల్లీ వచ్చి అందులో కూర్చుందా, ఆ కణాలు తమలో దాచుకున్న హిస్టమిన్ లాంటి రసాయనాలన్నీ ఒక్కసారి కుమ్మరిస్తాయి. దురదా, వాపూ, దద్దుర్లూ వాటివల్లే. ముదిరితే గొంతు మూసుకుంటుంది, రక్తపోటు పడిపోతుంది. పల్లీలో విషమేమీ లేదు. ఒంటి కంగారే ఒంటిని ముంచుతుంది."

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే కామోసు" అంది భార్య.

మేస్త్రి కూతురివైపు తిరగలేకపోతున్నాడు. ఆమే లేచి వచ్చి, తండ్రి కుర్చీ చేతిమీద చెయ్యి వేసి, డాక్టరమ్మనే అడిగింది.

"అంటే మేడం, కొత్తదేమీ లేదా? చెక్కా, కార్కూ, రీడూ, ఏదీ కాదా? ఆ పాత పల్లీయేనా?"

"ఆ పాత పల్లీయే."

కూతురు గట్టిగా ఊపిరి వదిలింది. తరవాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "ఇంతేనా నాన్నా! నేను ఇంకేమిటో అనుకుని రాత్రుళ్ళు నిద్ర లేకుండా చచ్చిపోతున్నాను. ఇది తెలిసిన దొంగే కదా!"

"నన్ను తిట్టమ్మా. ఒక్కసారి తిట్టు, నాకు తేలిగ్గా ఉంటుంది."

"ఆ పని అమ్మ చేస్తుందిలే. నాకెందుకు మధ్యలో."

"చేస్తాను, ఇంటికి రానీ" అంది భార్య. "ఆ జేబు ఏదో ఒకరోజు కొంప ముంచుతుందని ఎన్నిసార్లు చెప్పానో!" తిట్టడానికే మొదలుపెట్టింది గాని, చివరికొచ్చేసరికి గొంతు మెత్తబడిపోయింది. కొంగు కొసతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

డాక్టరమ్మ చేతులకి గ్లవ్సు తొడుక్కుని బల్ల తుడిపించింది, గుడ్డని ప్లాస్టిక్ సంచీలో కట్టి పారేయించింది. మేస్త్రి చేత చేతులు కడిగించి, మౌత్‌పీసు ఊడదీయించి, గదిలో మూలనున్న వాష్‌బేసిన్ దగ్గర ఆయన్నే నిలబెట్టింది. కొత్త రీడు వేయమంది. నీటి ధార కింద ఆ నల్లటి కొసని పెట్టేటప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. పసిబిడ్డకి మొదటి స్నానం చేయించినట్టు సబ్బు రాసి, లోపలా బయటా రుద్ది, కడిగి, మళ్ళీ రాసి, మళ్ళీ కడిగాడు. తరవాత మీటలన్నీ, కాగితంతో ఒక్కొక్కటే తుడిచాడు.

"చాలు తాతయ్యా, అరిగిపోతుంది" అంది పిట్ట.

"ఇప్పుడు ఇక్కడే ఊదమ్మా" అంది డాక్టరమ్మ. "నేనిక్కడే ఉంటాను, మందు పక్కనే ఉంది. భయం లేదు."

పిట్ట నిలబడింది. మొదటిసారి ఊదితే కీచుమంది. రెండోసారి స్వరం పట్టింది. బడిలో నేర్పిన కవాతు పాట, ఎడమ కాలితో నేలమీద తడుతూ వాయించింది. మధ్యలో తలుపు తోసుకుని నర్సు వచ్చి, "ఎవరండీ అది, బయట రోగులు..." అని మొదలుపెట్టి, డాక్టరమ్మని చూసి, గుమ్మంలోనే ఆగిపోయి పాట అయ్యేదాకా విని వెళ్ళింది.

తరవాతిదంతా ఎదురుచూపే. మేస్త్రి మనవరాలి పెదాల మీదనుంచి చూపు తిప్పలేదు. అవి ఎర్రబడ్డాయా? లేదు, ఒత్తిడికి కాస్త. ఉబ్బాయా? లేదు. పిట్టకి విసుగొచ్చి డాక్టరమ్మ స్టెతస్కోపు అడిగి తీసుకుని అమ్మమ్మ గుండె వింది, "డబడబా అంటోంది" అని చెప్పింది. డాక్టరమ్మ వేరే ఇద్దరు రోగుల్ని చూసి వచ్చింది. పిల్ల నోరు తెరిపించింది, గొంతు చూసింది, చేతులు తిప్పి చూసింది.

"శుభ్రంగా ఉంది. ఊదుకోవచ్చు."

మేస్త్రి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కాసేపు కదిలాయి. పిట్ట వచ్చి ఆ చేతుల్ని వేలు వేలుగా విడదీసింది.

"సూది పెన్ను ఎప్పుడూ దగ్గర ఉండాల్సిందే, ఆ జాగ్రత్త మారదు" అని కూతురికి చెప్పి, డాక్టరమ్మ మేస్త్రివైపు తిరిగింది. "మీ సంగతేంటి?"

"మానేశానమ్మా. ఈ క్షణంనుంచే. సిగరెట్టు మానినవాణ్ణి, ఇదెంత!"

"అది మాన్పించిందీ నేనే" అంది భార్య. "ఈ మనిషి నోరు ఊరుకోవాలంటే రేపట్నుంచి దాంట్లో ఇంకేం వేయాలో చెప్పండి మేడం."

"మాటలు వేయండి" అంది డాక్టరమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు మేస్త్రికిచ్చారు. క్లారినెట్టు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కొట్టులో ఉన్న ప్రతి మౌత్‌పీసూ కడగాలని, గడప బయటున్న నీళ్ళు లోపలికి తేవాలని, ఏ ఇంట్లో ఏ పిల్లకి ఏది పడదో ఎవరికి తెలుసని, ఏదేదో చెబుతున్నవాడు మధ్యలోనే ఆగిపోయాడు. కూతురు తొంగి చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుని, తల అద్దానికి ఆనించి నిద్రపోతున్నాడు. గురక మంద్రంలో మొదలై, పైకెక్కి, మళ్ళీ దిగుతోంది.

"తాతయ్యకి గాలి పోవట్లేదు, మెత్త బాగానే కూర్చుంది" అంది పిట్ట.

వాళ్ళ వీధి మలుపు కనిపించింది. లేపుదామని కూతురు చెయ్యి చాపితే, తల్లి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పడుకోనీవే. మూడు వారాలనుంచి ఆ మనిషి కన్ను మూయలేదు. పై స్టాపులో దిగి వెనక్కి నడుద్దాం."

బస్సు ఆగింది, ఎవరెవరో దిగారు, ఎక్కారు. మళ్ళీ కదిలింది.